రుస్తాఖ్ పాప చెంప మీది చుక్క

మా మేనల్లుడి ప్రింటింగ్ షాపులో కూర్చుంటే నాకు పొద్దు పోతుంది. రిటైరైనవాడికి అంతకన్నా ఏం కావాలి? అక్కడ పనిచేసే పిల్లలు ఫోటోను కంప్యూటర్లో పెట్టి, ఒక మీట నొక్కి, టీ తాగి వచ్చేసరికి బొమ్మ చుక్కలుగా విడిపోయి తయారుగా ఉంటుంది. "మీ కాలంల గిదంత ఎట్ల చేసేటోళ్లు తాతా?" అని అడుగుతారు. చెప్పడం మొదలుపెట్టగానే ఫోన్లు చూసుకుంటారు. అందుకే రాస్తున్నాను. కాగితమైతే సగంలో లేచి వెళ్ళిపోదు.

తొంభైల మొదట్లో నేను ఒమన్‌లో, సీబ్‌లో పనిచేశాను. ఎయిర్‌పోర్ట్‌కు పోయే రోడ్డు మీద ఒక టైలర్ షాపుకూ టైర్ల షాపుకూ మధ్య ఇరుకుగా ఉండేది మా షాపు. అంగీల మీద బొమ్మలు వేసేవాళ్ళం. జగిత్యాలలో పెళ్ళి కార్డులు అచ్చు వేసుకుంటున్నవాణ్ణి, వీసా దొరికితే పోయాను. వీసా మీద మాత్రం తాపీ మేస్త్రీ అని ఉండేది. ఉన్నన్నేళ్ళూ ఒక్క ఇటుక కూడా పేర్చలేదు, దేవుడి దయవల్ల ఎవరూ పేర్చమని అడగలేదు.

షాపు యజమాని ఒమనీ. అందరిలాగే మేమూ ఆయన్ను అర్బాబ్ అనేవాళ్ళం. చెడ్డవాడు కాదు. కోపం తొందరగా వచ్చేది, తొందరగానే పోయేది. కాకపోతే ఆ మధ్యలో అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకునేవాడు కాదు. పనివాళ్ళం ముగ్గురం. ఫోటోను కెమెరాతో ఫిల్మ్ మీదికి ఎక్కించే పని కడప నుంచి వచ్చిన భాయ్‌ది. వయసులో నాకన్నా పెద్ద, ఐదు పూటలా నమాజు చేసేవాడు, నమాజుకూ నమాజుకూ మధ్య ఆ పాత కెమెరాను తిట్టేవాడు. ఆ ఫిల్మ్‌తో స్క్రీన్ తయారు చేయడం, ఇంకు కలపడం నా పని. ఇంకు లాగడం మా తమ్ముడి పని.

తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు. మా ఊరికి దగ్గరి పల్లె అతనిది. పాతికేళ్ళవాడు. అల్ అమెరాత్‌లో ఒక సైట్ మీద రాళ్ళు మోస్తుంటే, ఒక శుక్రవారం మా రూమ్‌కు వచ్చినప్పుడు చపాతీలు ఒత్తడం చూశాను. అన్నీ ఒకే మందం, అంచు కూడా మధ్యలాగే. ఈ చెయ్యి రాళ్ళు మోయాల్సింది కాదనిపించి, అర్బాబ్ వెంటపడి షాపులోకి తెప్పించుకున్నాను. స్క్రీన్ మీద ఇంకును లాగే రబ్బరు పలకను స్క్వీజీ అంటాం. దాన్ని పట్టుకుంటే అతని చెయ్యి ఒక్క తీరుగా నడిచేది. నేను మనుషుల్ని మెచ్చుకునే రకం కాదు, అతన్ని కూడా ఎదురుగా ఎప్పుడూ మెచ్చుకోలేదు.

పని గురించి ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. మనిషి ముఖంలో నలుపు, తెలుపు, వాటి మధ్య ఎన్నో బూడిద రంగులు ఉంటాయి. మన దగ్గర ఉన్నది ఒక్క నల్ల ఇంకు. అందుకని ముఖాన్నంతా చుక్కలుగా మార్చాలి. నీడ ఉన్న చోట పెద్ద చుక్కలు, వెలుగున్న చోట సూది మొనంత చుక్కలు. దూరం నుంచి చూసే కంటికి అవి కలిసిపోయి చెంపలా, నుదురులా కనిపిస్తాయి. ఫిల్మ్‌ను అద్దం మీద పరిచి, దాని పైన మందు పూసిన సన్నటి జాలీబట్ట చట్రం, అంటే స్క్రీన్, పెట్టి కింద నుంచి లైటు వేస్తాం. ఫిల్మ్ మీద ఎక్కడ నలుపుంటే అక్కడ స్క్రీన్‌లో రంధ్రం పడుతుంది, ఆ రంధ్రంలోంచి ఇంకు దిగుతుంది. ఇందులో ఒక తిరకాసు ఉంది. అద్దం మీద ఇసుక రేణువు పడినా స్క్రీన్ దాన్ని కూడా నలుపే అనుకుని రంధ్రం చేసుకుంటుంది. ఒమన్‌లో ఇసుకకు కొదవా? అందుకే ప్రతి స్క్రీన్‌నూ వెలుతురుకు ఎత్తిపట్టి, అక్కర్లేని రంధ్రాలను సన్నటి బ్రష్‌తో మూసెయ్యాలి. ఆ పని కూడా తమ్ముడే చేసేవాడు, కళ్ళు మంచివి కాబట్టి.

అతను వచ్చేటప్పటికి భార్య కడుపుతో ఉంది. కూతురు పుట్టింది. ఉత్తరంలో ఫోటో వచ్చింది. స్టూడియోలో కుర్చీలో కూర్చోబెట్టి తీసిన ఫోటో, కళ్ళనిండా కాటుక, కుడి చెంప మీద ఇంత దిష్టిచుక్క. మా వైపు ఆ చుక్క పెట్టకుండా చంటిపిల్లను ఫోటోకు కూర్చోబెట్టరు. ఆ ఫోటోను తమ్ముడు స్క్రీన్లకు లైటు వేసే బల్ల పైన గోడకు అంటించుకున్నాడు. పొద్దున డ్యూటీకి రాగానే దాని ముందు ఒక్క నిమిషం నిలబడేవాడు. కూతుర్ని అతను చూసింది అంతవరకే. ఎత్తుకోలేదు, ముట్టుకోలేదు, ఆ పిల్ల ఏడుపు కూడా వినలేదు.

పిల్లకు మూడో ఏడు నడుస్తోంది. పుట్టువెంట్రుకలు ఇంకా తీయలేదు. తండ్రి వస్తేనే వేములవాడ పోవాలని ఇంట్లో పట్టు. మూడో ఏడు దాటితే మళ్ళీ ఐదో ఏడు దాకా ఆగాలి. జుట్టు కళ్ళలో పడుతోందని, దువ్వబోతే ఏడుస్తోందని ప్రతి ఉత్తరంలోనూ వచ్చేది. తమ్ముడికి సెలవు ఎప్పుడో రావాల్సింది, ఏదో ఒక ఆర్డర్ అడ్డం పడుతూ వచ్చింది. చివరికి అర్బాబ్ ఒక మాట ఇచ్చాడు. "రుస్తాఖ్ పని బాగా చేసి ఇయ్యి. అది అయిన మరునాడే పాస్‌పోర్ట్ నీ చేతిలో పెడతాను."

రుస్తాఖ్ పని అంటే, ఆ ఊళ్ళో ఉండే ఆయన బంధువులది. వాళ్ళ ఇంట్లో రెండేళ్ళ పాపకు గుండెకు ఆపరేషన్ అయింది. విదేశంలో చేయించారు, బతుకుతుందో లేదో అనుకున్న పిల్ల నెమ్మదించి ఇంటికి వస్తోంది. ఆమె వచ్చే రోజు చుట్టాల పిల్లలంతా ఆ ముఖం ఉన్న తెల్ల అంగీలు తొడుక్కుని ఎదురు వెళ్ళాలని వాళ్ళ ముచ్చట. పాప తండ్రి ఫోటో తెచ్చాడు. ఊరు దాటేముందు స్టూడియోలో తీయించిందట, ఉన్నది ఆ ఒక్కటే. భాయ్ ఫిల్మ్ తీసేదాకా కెమెరా పక్కనే నిలబడి, ఫోటోను జేబులో పెట్టుకుని వెనక్కి తీసుకుపోయాడు. ఆయన్ను తప్పు పట్టలేం. నేనైనా అంతే చేసేవాణ్ణి.

చంటిపిల్ల ముఖం వేయడం కష్టం. ముసలివాళ్ళ ముఖాల్లో గీతలుంటాయి, కాస్త తేడా వచ్చినా మడతల్లో కలిసిపోతుంది. చంటిపిల్ల చెంపలో ఏమీ ఉండదు, వెలుగు తప్ప. ఆ వెలుగంతా సూది మొన చుక్కలే. ఇంకు ఒక్క చుక్క ఎక్కువైతే నూలు పీల్చుకుని పాప ముఖం కమిలినట్టు అవుతుంది. స్క్రీన్ మీద ఆరిపోతే సగం చెంప మాయమవుతుంది. ఏసీ చల్లగాలి స్క్రీన్ మీద పడకుండా అట్టలు అడ్డం పెట్టించాను. అందరి మీదా అరిచాను. తమ్ముడి మీద మరీ ఎక్కువ, అతను నవ్వుతూనే ఉన్నాడు.

మొదటి అంగీ తీసి వెలుతురులో పెట్టినప్పుడు ముగ్గురం దాని చుట్టూ చేరాం. పాప మమ్మల్నే చూస్తోంది. పెదవి చివర నవ్వు వచ్చీరానట్టు ఉంది, కళ్ళ కింద జబ్బు తాలూకు నీడ ఉంది. కుడి చెంప మీద ఆవగింజంత నల్లచుక్క.

భాయ్ మాషా అల్లా అని, "మా అమ్మ గూడా ఇట్లే పెట్టేది అబ్బీ, నజర్ తగలకుండా" అన్నాడు.

"చూసినవా అన్నా, ఈళ్లు గూడ పెడ్తరు. ఎక్కడైన తల్లి తల్లే" అన్నాడు తమ్ముడు.

నాకూ ముచ్చటేసింది. ఆపరేషన్‌కు పోయే పిల్లకు ఆమాత్రం పెట్టకుండా ఎలా ఉంటారు అనుకున్నాను. అంగీలన్నీ వేసేశాం. వేడి పెట్టెలో ఆరబెట్టి, మడత పెట్టి, పెట్టెల్లో సర్దేశాం. తమ్ముడు ఊరికి తీసుకుపోయే సామానుకు ఒక సంచి కొనుక్కొచ్చాడు.

తీసుకుపోవడానికి వాళ్ళు వచ్చే ముందు రోజు మధ్యాహ్నం, భాయ్ ఫిల్మ్‌ను కవర్‌లో దాచబోతూ అలవాటుగా కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. 

"ఏందబ్బీ ఇది? ఇందులో చుక్క లేదే" అన్నాడు.

నేను పోయి చూశాను. ఫిల్మ్ మీద పాప చెంప కడిగిన ముత్యంలా ఉంది. స్క్రీన్ తెచ్చి పక్కన పెట్టాం. రంధ్రం ఉంది. ఇసుక రేణువు పని.  తమ్ముడి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"నాకు కనవడ్డదన్నా" అన్నాడు మెల్లగా. "మూసేద్దామని బుర్సు గూడ తీసిన. మల్ల, దిష్టిచుక్క గదా, చెరిపితే మంచిగుండదని ఇడిసిపెట్టిన."

 ఏ ఫిలిప్పీనోవాడో ఆ స్థలంలో ఉంటే, ఈ చుక్క ఏమిటని అడిగేవాడేమో. మేము ముగ్గురం ఒకే రకం అమ్మల చేతుల్లో పెరిగాం. ముఖమంతా చుక్కలే ఉన్న పనిలో, తప్పు చుక్కను చూసి మురిసిపోయాం. తెల్ల ఇంకు అద్ది చూశాను. పాప చెంపకు పట్టీ వేసినట్టు అయింది, అంతకన్నా చుక్కే నయం. కొత్త అంగీలు దుబాయ్ నుంచి రావాలి. పాప ఇంటికి వచ్చేది మరునాడు.

"స్క్రీన్ చేసింది నేను. తప్పు నాదని అర్బాబ్‌తో చెప్త" అన్నాను.

"వద్దన్నా. నీ మీద ఏస్కుంటే నాకు ఊరికి పోవుడు మంచిగనిపించదు" అన్నాడు తమ్ముడు. గోడ మీది ఫోటో తీసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కొన్న సంచిని మడిచి బల్ల కిందికి నెట్టేశాడు. 

మరునాడు పొద్దున పికప్‌లో వచ్చారు. పాప తండ్రి, ఆయన తల్లి. ఆమె పెద్దావిడ, చెయ్యి పట్టుకుంటే గానీ దిగలేదు. లోపలికి రాగానే షాపంతా సాంబ్రాణి వాసన వేసింది. అర్బాబ్ ఆమె నుదుటికి ముద్దు పెట్టి కుర్చీలో కూర్చోబెట్టాడు. తర్వాత పెట్టె విప్పి, పై అంగీ తీసి, ఎంతో గొప్పగా విదిల్చి పట్టుకున్నాడు.

పాప తండ్రి ముఖం మొదట విచ్చుకుంది. తర్వాత దగ్గరికి వచ్చాడు. వేలితో చుక్కను గీరాడు. రాలేదు.

వాళ్ళు మాట్లాడుకున్నది అరబ్బీలో. భాయ్ మా చెవిలో చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"నా బిడ్డకు మచ్చ లేదు. ఇదేమిటి?"

అర్బాబ్ రెండో అంగీ తీశాడు, మూడోది తీశాడు. అన్నింటి మీదా ఉంది. మా వైపు తిరిగాడు. నేను నోరు తెరిచేలోపే తమ్ముడు ముందుకు వచ్చి తన గుండె మీద చెయ్యి పెట్టి చూపించాడు, నేనే అని. అర్బాబ్ ఇక ఏమీ అడగలేదు. "మాఫీ ఇజాజా" అన్నాడు. సెలవు లేదు అని. ఆ ఒక్క మాటే అరబ్బీలో మాకు భాయ్ చెప్పకుండా అర్థమైంది.

తమ్ముడు తల ఊపాడు. తర్వాత, ఎందుకో, జేబులోంచి ఫోటో తీశాడు. అర్బాబ్‌కు కాదు, పాప తండ్రికి చూపించాడు. "అనా బింత్" అన్నాడు. నా కూతురు అని. చెంప మీది చుక్క మీద వేలు పెట్టి, మళ్ళీ అంగీ మీది చుక్క మీద వేలు పెట్టి, ఇంకేం చెప్పాలో మాట దొరక్క నిలబడిపోయాడు. చెప్పవయ్యా అన్నట్టు నేను భాయ్‌ని మోచేత్తో పొడిచాను. భాయ్ చెప్పాడు. మా దేశంలో పిల్లల మీద చెడ్డ కన్ను పడకుండా ఇలా పెడతారని, మీ ఇంట్లో పెట్టారనుకుని చెరపలేదని, చెరిపితే పాపకు కీడేమోనని భయపడ్డాడని.

తండ్రి ఆ ఫోటో తీసుకోలేదు. కుర్చీలోంచి పెద్దావిడ చెయ్యి చాచింది. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత అంగీ అడిగి ఒళ్ళో పరుచుకుంది. రెండు ముఖాలనూ పక్కపక్కన పెట్టుకుంది.

"ఆ రోజు ఫోటో తీయించడానికి పోయినప్పుడు నేను లేను కదా" అంది కొడుకుతో.

"లేవమ్మా."

"ఉంటే నేను కొహల్ కాటుక పెట్టేదాన్ని. మీ అందరికీ పెట్టాను." చుక్కను బొటనవేలితో నిమిరింది. "నాకు అప్పటినుంచీ మనసులో ఉంది, ఏమీ పెట్టకుండా పంపించామే అని. ఈ రోజు దాకా ఎవరితోనూ అనలేదు."

 ఆమె ఫోటో తిరిగి ఇస్తూ తమ్ముణ్ణి, నీ పాప నిన్ను గుర్తుపడుతుందా అని అడిగింది. భాయ్ ఆ ప్రశ్నను తెలుగులో చెప్పలేక కాసేపు దగ్గాడు. చెప్పాక తమ్ముడు అన్నాడు. "ఇంక జూడలేదమ్మా. పుట్టినంక నేను పోలేదు."

ఆమె అర్బాబ్ వైపు తిరిగింది. గొంతు కూడా పెంచలేదు. "ఇతన్ని ఇంకా ఇక్కడ ఎందుకు నిలబెట్టుకున్నావు?" అంది.

అర్బాబ్ అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాదని చెప్పాను కదా. ఆ రోజు కూడా తీసుకోలేదు. ఏమీ అనకుండా సొరుగు తెరిచి, పాస్‌పోర్ట్ తీసి, ఆమె చేతికి ఇచ్చాడు. ఆమె తమ్ముడికి ఇచ్చింది. పెద్దవాళ్ళ ముందు ఓడిపోవడానికి ఆయనకు సిగ్గు లేదు, అది ఆయనలో నాకు నచ్చిన గుణం. పాప తండ్రి మాత్రం సమాధానపడలేదు. తనకొక అంగీ చుక్క లేకుండా కావాలన్నాడు. న్యాయమైన కోరికే. మా దగ్గర నమూనాకని మిగిలిన తెల్ల అంగీ మీద, స్క్రీన్‌లో ఆ రంధ్రం మూసి, అప్పటికప్పుడు వేసిచ్చాను.

తమ్ముడు ఊరికి పోయే ముందు ఒక కోరిక కోరాడు. తన కూతురి బొమ్మతో తనకొక అంగీ కావాలని. విమానం దిగి ఇంటికి పోయేటప్పుడు తొడుక్కుంటాడట. భాయ్ కెమెరాను ఒక్క తిట్టు కూడా తిట్టకుండా ఫిల్మ్ తీశాడు. ఈసారి స్క్రీన్ చూసే పని ఎవరికీ ఇవ్వనన్నాను. రుస్తాఖ్ దెబ్బ తగిలినవాణ్ణి. అద్దం మూడుసార్లు తుడిచి, కళ్ళజోడు పెట్టుకుని, వెలుతురుకు ఎత్తి, అనుమానం ఉన్న ప్రతి రంధ్రాన్నీ మూసేశాను. తమ్ముడు ఇంకు లాగి స్క్రీన్ ఎత్తాడు. పిల్ల చక్కగా వచ్చింది. కాటుక కళ్ళు, నుదుటి మీదికి జారిన జుట్టు. చెంప కడిగినట్టు తెల్లగా ఉంది.

దిష్టిచుక్కను కూడా నేనే మూసేశాను.

భాయ్ పక్కకు తిరిగాడు, భుజాలు కదులుతున్నాయి. నాకు నవ్వాలో తల కొట్టుకోవాలో తెలియలేదు. "ఇంకోటి ఏస్త తియ్యి" అన్నాను.

"వద్దు తియ్యి అన్నా" అన్నాడు తమ్ముడు. ఇంకు డబ్బా మూత తీసి, కుడిచేతి ఉంగరం వేలు కొంచెం ముంచాడు. అంగీ మీదికి వంగి, ఆ పిల్ల చెంప మీద మెల్లగా ఆనించాడు. ఆనించినవాడు వేలు తీయలేదు. మేమిద్దరం చూస్తున్న సంగతి మరిచిపోయాడు. నేను వేడి పెట్టె దగ్గరికి పోయి, అక్కర లేకపోయినా దాని మీటలు సవరించాను. నాకు అప్పటికి పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళ చెంపలు ఎలా ఉండేవో గుర్తు తెచ్చుకోబోతే రాలేదు. 

పుట్టువెంట్రుకలు మూడో ఏడులోనే తీశారు. సెలవు అయిపోయి తమ్ముడు తిరిగి వచ్చినప్పుడు, రూమ్‌లో సామాను దించకముందే అడిగాను, పిల్ల ఎట్లున్నది, నీ దగ్గరికి వచ్చిందా అని.

"మొదాలు రాలేదన్నా. నన్ను జూసి వాళ్ళమ్మ ఎనుక దాక్కున్నది. నేను గా అంగీ తోనే గడపల కూసున్న, పిలువలేదు. జరసేపటికి అంగీ మీద బొమ్మను జూసింది. ఒక్కొక్క అడుగేస్కుంట వచ్చి, గా చుక్క మీద ఏలు పెట్టింది." తన చొక్కా మీద, గుండెకు కుడి పక్కన, వేలు పెట్టి చూపించాడు. "అప్పుడు పట్టుకున్నన్నా చెయ్యి."